మూడో సంతకం

మా ఆయనకి అబద్ధం ఆడటం చేతకాదు. పెళ్లయిన కొత్తలో అది నా అదృష్టమనుకున్నాను. పక్కింటావిడ కొత్త కర్టెన్లు వేయించుకుని "ఎలా ఉన్నాయి అన్నయ్యగారూ?" అని ముచ్చటపడి అడిగితే "మీ గోడల రంగుకి నప్పలేదమ్మా" అని చెప్పి వచ్చిన మనిషి. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి మాకు పలకరింపు లేదు. చదువు మాత్రం దండిగా ఉంది. కాంక్రీటు ఎలా గట్టిపడుతుంది, ఎప్పుడు పగులుతుంది అన్న సంగతి మీద ఆయన రాసినవి ఎక్కడెక్కడి వాళ్లో చదువుతారు. ఇంట్లో ఒక మేకు కొట్టమంటే మాత్రం గోడ పాడవుతుందని కొట్టడు.

ఈ దేశం యూనివర్సిటీ వాళ్లు కంప్యూటర్ తెర మీద ఆయన్ని ఇంటర్వ్యూ చేసిన రోజు నేనూ అదే గదిలో ఉన్నాను. కెమెరాకి కనపడకుండా తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నా ఒళ్లో పిడుగు నిద్రపోతున్నాడు. పిడుగు అంటే మా వాడు. పుట్టగానే వాడు పెట్టిన కేకలకి వాళ్ల నాయనమ్మ తగిలించిన పేరు అది. ఏడాది తిరక్కుండానే డాక్టర్లు తేల్చిన సంగతి ఏమిటంటే, వాడి ఒంట్లో తయారయ్యే రక్తం వాడికి చాలదు. కొన్ని వారాలకోసారి బయటి నుంచి ఎక్కిస్తూ ఉండాలి, బతికినన్నాళ్లూ ఎక్కించాలి. ఎక్కించగానే ఇల్లు పీకి పందిరేస్తాడు. రోజులు గడిచేకొద్దీ పాలిపోయి, గొంతు తగ్గి, చివరికి మంచి బాలుడైపోతాడు. అందరూ పిల్లలు బుద్ధిగా ఉండాలని కోరుకుంటారు. మా వాడు బుద్ధిగా ఉంటే నా గుండెల్లో రాయి పడుతుంది.

అక్కడ, మా ఊళ్లో, ఆ రక్తం కోసం మేము ఎక్కని గడప లేదు. మొదట్లో చుట్టాలందరూ పోటీ పడి చొక్కా చేతులు పైకి మడిచారు. రెండో ఏడాదికి నా నంబరు చూస్తే ఫోన్లు ఎత్తడం మానేశారు. రక్తసంబంధం ఉన్న వాళ్లందరూ రక్తం దగ్గరే మొహం చాటేశారు. వాళ్లని మాత్రం ఏమని అంటాం? ఎవరి సంసారం వాళ్లది. కానీ వాడు బుద్ధిమంతుడైపోతున్న వారంలో రక్తం సంచి దొరక్క, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని దారిన పోయే వాళ్ల చేతుల వంక చూసిన రోజులు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

తెర మీద ముగ్గురు పెద్దమనుషులున్నారు. మధ్యలో ఉన్నాయన డీన్, అంటే ఆ కాలేజీ మొత్తానికి పెద్ద. మెత్తటి గొంతు, నిదానమైన మాట. కాంక్రీటు గురించి అడగాల్సినవన్నీ అడిగాడు. మా ఆయన హుషారుగా చెప్పాడు. చివర్లో డీన్ చేతులు రెండూ టేబుల్ మీద పెట్టుకుని, "మీకు అక్కడ మంచి ఉద్యోగమే ఉంది కదా. ఇంత దూరం ఎందుకు రావాలనుకుంటున్నారు?" అన్నాడు.

ఈ ప్రశ్న వస్తుందని ముందే తెలుసు. పరిశోధన అనాలి, అక్కడున్న పెద్ద యంత్రం అనాలి, కొత్త దేశం విద్యార్థులు అనాలి. ఆయన చేత నేనే వల్లె వేయించాను. ఆయన నోరు తెరిచి, "మా అబ్బాయికి ఒంట్లో బాగాలేదండీ" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వద్దు వద్దని చేతులు ఊపాను. ఆయన నా వైపు చూడనైనా లేదు. పిడుగు జబ్బు, రక్తం సంచులు, ఎత్తని ఫోన్లు, ఆసుపత్రి మెట్లు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేశాడు.

డీన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మా యూనివర్సిటీకి సొంత ఆసుపత్రి ఉంది. మా వాళ్ల పిల్లలు రక్తం కోసం ఎదురుచూడటమంటూ ఉండదు. ఆ బాధ్యత నాది" అన్నాడు.

తలుపు చాటున నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అంత పెద్ద పదవిలో ఉండి ఎంత మంచివాడో అనుకున్నాను. పిల్లవాడి భారమంతా తన నెత్తిన వేసుకున్నాడని ఆయనకి పెళ్లిపెద్ద అని పేరు కూడా పెట్టాను.

మమ్మల్ని విదేశీ ప్రొఫెసర్ల క్వార్టర్స్‌లో దింపారు. నాలుగంతస్తుల భవనం. మా వంటగది కిటికీలోంచి చూస్తే ఎదురుగా కొత్తగా కడుతున్న ఇంకో భవనం. అందులో యూనివర్సిటీ పాత కాగితాలన్నీ పెడతారని చెప్పారు. పగలంతా ఆ కాంక్రీటు కలిపే యంత్రం గిరగిరా తిరుగుతూ ఉండేది. పిడుగు కిటికీ దగ్గర స్టూలు వేసుకుని ఆ మేస్త్రీలకి ఇక్కణ్ణుంచే హుకుములు జారీ చేసేవాడు.

ఆసుపత్రి గురించి డీన్ చెప్పింది అక్షరాలా నిజం. అనుకున్న రోజుకి వెళ్తే మంచం సిద్ధంగా ఉండేది, సంచి సిద్ధంగా ఉండేది. లావుపాటి నర్సు ఒకావిడ పిడుగు చెవి మెలేస్తూ, వాడు చెవి విడిపించుకునే లోపల సూది గుచ్చేసేది. పక్క మంచం మీద అదే జబ్బున్న పాప ఉండేది. వాళ్లమ్మ బేకరీలో పని చేస్తుంది, ఈ ఊరి మనిషే. ఆవిడ చెల్లెలి కొడుక్కీ, వాళ్ల వీధిలో ఇంకొందరు పిల్లలకీ ఇదే జబ్బట. వచ్చినప్పుడల్లా పిల్లలిద్దరికీ బన్నులు తెచ్చేది. నేను ఆవిడని మన పద్ధతిలో వదినా అని పిలిచాను. అంటే ఏమిటో చెప్తే పగలబడి నవ్వి, ఇక అదే పేరుకి పలకడం మొదలుపెట్టింది. వాళ్ల భాష నాలుగు ముక్కలు నాకు నేర్పింది ఆవిడే. సంచి ఖాళీ అయ్యేదాకా పిల్లలు కొట్టుకునేవాళ్లు, మేమిద్దరం మొగుళ్ల మీద చాడీలు చెప్పుకునేవాళ్లం. నా జీవితంలో అంత నిశ్చింతగా ఉన్న రోజులు లేవు.

మా ఆయనకి పాఠాలతో పాటు ఇంకో పని కూడా ఉంది. ఈ ఊళ్లో ఏ పెద్ద భవనం కట్టినా మూడు సంతకాలు కావాలి. కట్టేవాళ్ల ఇంజనీరుది ఒకటి, కట్టించుకునేవాళ్ల ఇంజనీరుది ఒకటి. మూడోది యూనివర్సిటీలో పనిచేసే విదేశీ ప్రొఫెసర్‌ది. ఈ ఊళ్లో అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు. బావమరిదో, వియ్యంకుడో, మేనమామో. ఎవరికీ ఏమీ కాని మనిషి చూపు ఒక్కటైనా పడాలని వెనకటికి ఎవరో ధర్మాత్ముడు ఆ రూలు పెట్టాడట.

"ఎంత గొప్ప రూలో చూశావా!" అని మా ఆయన పొంగిపోయాడు. "బయటివాడి మాటకి ఇంత విలువ ఎక్కడైనా ఉందా? అక్కడ నా రిపోర్టులు బల్ల అడుగున పడేవి. ఇక్కడ నేను ఊ అంటే కానీ గృహప్రవేశం లేదు."

"సరే, ఊ అంటూ ఉండండి. మనకి కావాల్సింది పిల్లవాడు" అన్నాను.

కాంక్రీటు పోసేటప్పుడే దానిలోంచి కొంచెం తీసి చిన్న దిమ్మలు పోస్తారు. వాటిని కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టి, యంత్రంలో పెట్టి నొక్కుతారు. మంచి దిమ్మ ఎంతో బరువుకి ఆగి, ఆగి, తుపాకీ పేలినట్టు పగులుతుంది. ఒకసారి పిడుగుని తీసుకెళ్లి చూపిస్తే చప్పట్లు కొట్టి ఇంకోటి, ఇంకోటి అని గోల చేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి సోఫా మీద బరువులన్నీ పెట్టి పరీక్ష చేశాడు. సోఫా ఓడిపోయింది.

మా వంటింటి కిటికీ ఎదురు భవనం దిమ్మలు వచ్చిన రోజు మా ఆయన మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. అన్నం పెడితే కలుపుతూ కూర్చున్నాడు కానీ తినలేదు.

"ఏమైందండీ?"

"పగల్లేదు. మెత్తగా నలిగిపోయాయి, రస్కుల్లాగా."

"యంత్రం పాడైందేమో."

"నేనూ అదే అనుకుని వేరే దిమ్మలు పెట్టి చూశాను. యంత్రం బాగానే ఉంది. రేపు వెళ్లి స్తంభాల్లోంచే ముక్కలు కోసి తెస్తాను."

కోసి తెచ్చాడు. స్తంభాల్లోంచి తీసిన గుండ్రటి ముక్కలు చేత్తో గీకితే ఇసుక రాలింది. ఒకటి నాకు ఇచ్చి చూడమన్నాడు. నాకు కాంక్రీటు గురించి ఏం తెలుసు? కానీ నా గోరు దిగింది. అది చాలు. ఆయన సంతకం పెట్టనని ఆఫీసులో చెప్పేసి వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదట. సరే ప్రొఫెసర్‌గారూ, మీ ఇష్టం అన్నారట. "అదీ మర్యాద అంటే" అన్నాడు మా ఆయన. ఈయన అమాయకత్వాన్ని ఏం చేసుకోవాలో నాకు అప్పటికి ఇంకా తెలియదు.

మర్నాడు సాయంత్రం డీన్ మా ఇంటికి వచ్చాడు. ముందుగా చెప్పకుండా రావడం అదే మొదటిసారి. చేతిలో పిడుగుకి రంగుల పెట్టె. టీ ఇస్తే మెచ్చుకుని తాగాడు. భవనం మాట ఎత్తలేదు. మా ఆయన ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఆఫీసు సంగతులు ఇంట్లో ఎందుకు?" అని నవ్వాడు. పిడుగుని దగ్గరికి పిలిచి కింది కనురెప్ప వేలితో కిందికి లాగి చూశాడు. అలా చూస్తేనే రక్తం ఎంత తగ్గిందో తెలుస్తుంది. అది డాక్టర్లకి తెలియాలి, నాకు తెలియాలి. ఆయనకెందుకు తెలుసు?

"ఎర్రదనం తగ్గుతోంది. ఎల్లుండే కదా వీడి వంతు?" అన్నాడు.

"అవునండీ" అన్నాను.

"జాగ్రత్తగా చూసుకోండి" అని పిడుగు తల నిమిరి వెళ్లిపోయాడు. తలుపు వేశాక వాడి తల తుడిచెయ్యాలనిపించింది. నిజంగానే తుడిచాను. "అమ్మా, నీకేమైనా పిచ్చా?" అన్నాడు పిడుగు.

ఆ ఎల్లుండి ఆసుపత్రికి వెళ్తే మంచం సిద్ధంగా లేదు. లావుపాటి నర్సు పిడుగు చెవి పట్టుకోలేదు. మీ ఫైలుని పైవాళ్లెవరో చూస్తున్నారట, రేపు రండి అంది. రేపు వెళ్తే ఇంకో రేపు అంది. ఒక్కరూ విసుక్కోలేదు, ఒక్కరూ గొంతు పెంచలేదు. మంచినీళ్లు కూడా ఇచ్చారు. ఎవరైనా కసిరి ఉంటే నేను జుట్టు పట్టుకుని ఉండేదాన్ని. నవ్వుతూ రేపు రండి అనే మనిషిని ఏం చేస్తాం? "నా చెయ్యి ఉంది, నా రక్తం తీసి పెట్టండి తల్లీ" అని కాళ్లావేళ్లా పడ్డాను. నర్సు నా చెయ్యి కిందికి దించి, ఫైలు రాకుండా సూది ముట్టుకోకూడదంది. చెప్తూ నా మొహంలోకి చూడలేదు.

పక్క ఊరి ఆసుపత్రికి తీసుకెళ్లాను. కార్డు చూసి, మీరు యూనివర్సిటీ వాళ్లు కదా, అక్కడికే వెళ్లాలి అన్నారు. తిరిగొస్తుంటే బస్సులో పిడుగు నా భుజం మీద తల పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు. కిటికీ కావాలని పేచీ పెట్టలేదు, ఆకలన్నది లేదు, ఎవరి జుట్టూ లాగలేదు. ఎదురు సీట్లో ముసలావిడ "ఎంత బుద్ధిమంతుడో" అంది. నోరు మూసుకో ముసలిదానా అని మా భాషలో తిట్టాను. నవ్వి తల ఊపింది పాపం.

ఆ సాయంత్రమే బాబాయిగారు వచ్చారు. ఆయన లెక్కల ప్రొఫెసర్, పై వాటాలో ఒక్కరే ఉంటారు. మా భాష మనిషే, ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడిపోయారు. చుట్టరికం ఏమీ లేదు కానీ మొదటి రోజే "అమ్మాయ్, కాఫీ పొడి ఉందా?" అని చనువుగా వచ్చిన మనిషిని బాబాయిగారు అనక ఏమంటాం? ఆ రోజు మాత్రం కాఫీ వద్దన్నారు. మా ఆయన పక్కన కూర్చుని, పిడుగు పడుకున్న గది వైపు చూసి, గొంతు తగ్గించారు.

"నీకు తెలియాల్సింది ఒకటుందయ్యా. నిన్ను తీసుకున్న ఇంటర్వ్యూలో నేనూ ఉన్నాను. డీన్ పక్కన, చివర్లో కూర్చున్నది నేనే. తెరలో సరిగ్గా కనపడి ఉండను."

"మీరా? ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నాడు మా ఆయన.

"చెప్పుకునే సంగతయితేగా. నీకంటే ముందు ఒకావిడ వచ్చింది. ఏమీ అనుకోకు, నీకంటే గట్టిది. ఎందుకొస్తారమ్మా అని అడిగితే, మీ యంత్రం మీద పని చెయ్యాలనుంది, నచ్చకపోతే వెళ్లిపోతాను అంది. పిల్లాపాపా లేరు. ఎక్కడికెళ్లినా ఎర్ర తివాచీ పరుస్తారు. డీన్ వద్దన్నాడు. ఈవిడ మన దగ్గర ఉండదు అన్నాడు. నువ్వు మాట్లాడటం అయ్యాక, ఈయన ఉంటాడు అన్నాడు. నీ మీద జాలిపడ్డాడనుకున్నాను."

నాకు అప్పుడు తెలిసింది. ఎవరికీ ఏమీ కాని మనిషి సంతకమే కావాలి. కానీ ఆ మనిషిని పట్టి లాగడానికి ఒక పగ్గం ఉండాలి. ఎందుకొస్తున్నావు అని అంత ప్రేమగా అడిగింది, పగ్గం ఎక్కడుందో చూసుకోవడానికి. మా ఆయన తనంతట తానే తీసి ఆయన చేతిలో పెట్టాడు. అబద్ధం చెప్పి ఉంటే మాకు ఉద్యోగమే వచ్చేది కాదు.

"మరి మీరెందుకొచ్చారు బాబాయిగారూ?" అన్నాను. కోపంగానే అన్నాను.

"మన దగ్గర నాకు రిటైర్మెంటు ఇచ్చేశారమ్మాయ్. ఇక్కడ వయసు చూడరు. బోర్డు ముందు నిలబడి సుద్దముక్క పట్టుకోకపోతే నేను మనిషిని కాను. ఆ మాటే ఇంటర్వ్యూలో చెప్పాను" అన్నారు. "ప్రతి ఏడాదీ పెద్దవాళ్ల పిల్లలు కొందరు నా పరీక్షలో పాసవుతుంటారు. నేను పాస్ చేస్తుంటాను." అలా అని లేచి వెళ్లిపోయారు. ఆయన మీద జాలి పడాలో, మండిపడాలో నాకు తెలియలేదు.

ఆ తర్వాత నేనూ మా ఆయనా పోట్లాడుకున్నాం. పిడుగు వినకూడదని వంటింట్లో కుళాయి తిప్పి పెట్టి పోట్లాడుకున్నాం.

"పెట్టొద్దు. మీరు సంతకం పెట్టారంటే నా మీద ఒట్టే. సర్దుకుని పోదాం పదండి. మళ్లీ ఆ మెట్ల మీదే కూర్చుంటాను. అడుక్కుంటాను. ఈ నవ్వుమొహం వెధవల చేతిలో మాత్రం ఉండను" అన్నాను.

"ఎలా పోతావు? ఈ స్థితిలో వాణ్ణి విమానం ఎక్కించనివ్వరు. ఎక్కాలంటే డాక్టరు రాసివ్వాలి. ఆ డాక్టరు ఎక్కడుంటాడు?"

"అయితే? ఆ భవనం ఎవరి మీదో పడితే?"

"పాత కాగితాలే కదే అందులో పెట్టేది! మనుషులుండరు. ఒకడో ఇద్దరో గుమాస్తాలు..." అని ఆగిపోయాడు. తన నోటి నుంచి వచ్చిన మాట తనకే వినపడిందనుకుంటా. స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆ గుమాస్తాలని కన్నవాళ్లు ఉండరా?" అన్నాను. కుళాయి అలాగే పారుతోంది. పక్క గదిలోంచి పిడుగు "అమ్మా, నాకు చలేస్తోంది" అన్నాడు. ఆ మాట కూడా ఎంతో మర్యాదగా అన్నాడు.

పొద్దున్నే ఆయన వెళ్లి సంతకం పెట్టి వచ్చాడు. నాతో చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. మధ్యాహ్నానికి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, మంచం సిద్ధంగా ఉంది రమ్మని. నర్సు మళ్లీ పిడుగు చెవి మెలేసింది. సంచి సగం అయ్యేసరికి వాడి పెదాలకి రంగొచ్చింది. ఇంటికొచ్చిన గంటలో గాజు గ్లాసు ఒకటి పగలగొట్టి, ఆ నేరం పిల్లి మీదకి నెట్టాడు. మాకు పిల్లే లేదు. వాణ్ణి కౌగిలించుకుని ముద్దులు పెట్టుకున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తుంటే మొహం తిప్పుకున్నాను. ఆయన మీద అసహ్యం వేసింది. ఆయన సంతకం పెట్టకపోయి ఉంటే ఇంకా ఎక్కువ అసహ్యం వేసేదని కూడా తెలుసు. ఆ రెండూ ఒకే గుండెలో పెట్టుకుని వంట చేశాను.

ఎదురు భవనానికి తెల్లరంగు వేశారు. కలిపే యంత్రం వెళ్లిపోయింది. పోదామన్న మాట నేను మళ్లీ ఎత్తలేదు, ఎత్తబోతే ఆ ఆసుపత్రి మెట్లు గుర్తొచ్చేవి. కొన్నాళ్లు ప్రశాంతంగానే గడిచింది, కానీ నేను వంటగది కిటికీ కర్టెన్ తియ్యడం మానేశాను.

ఒకరోజు డీన్ మళ్లీ వచ్చాడు. ఈసారి పళ్ల బుట్టతో వచ్చాడు. శుభవార్త అన్నాడు. ఆసుపత్రిలో పిల్లల రక్తం వార్డు పాతబడిపోయిందట, తాళం వేసేస్తున్నారట. కొత్త భవనంలోకి మారుస్తున్నారట.

"ఏ కొత్త భవనం?" అన్నాడు మా ఆయన.

డీన్ మా వంటగది వైపు చూపించాడు. వెళ్లి కర్టెన్ తనే తీశాడు.

మా ఆయన మొహంలో చుక్క రక్తం లేదు. "అది రికార్డుల కోసం అన్నారు. కాగితాల కోసం అన్నారు కదా..."

"కాగితాలు చాలా బరువండీ, మీకు నేను చెప్పాలా? వాటితో పోలిస్తే పిల్లలెంత?" అన్నాడు డీన్. ఎప్పటిలాగే మెత్తగా అన్నాడు. "ఊళ్లో మేస్త్రీలు ఏవో పిచ్చి కూతలు కూస్తున్నారు. తల్లులు పిల్లల్ని తీసుకురావడానికి జంకుతున్నారు. అందుకే మొదటి మంచం మీ బాబుకి ఇస్తున్నాం. కిటికీ పక్కది. పరీక్ష చేసిన ప్రొఫెసర్‌గారి కొడుకే పడుకున్నాడంటే ఇంకెవరికి అనుమానం ఉంటుంది?"

మా ఆయన ఏదో అనబోయాడు. ఆ దిమ్మలు, ఆ స్తంభాలు అని రెండు ముక్కలు వచ్చాయి. డీన్ చివరిదాకా ఓపిగ్గా విని, "మీరు సంతకం పెట్టారు కదా" అన్నాడు. పళ్ల బుట్టలోంచి ఒక యాపిల్ తీసి పిడుగుకి ఇచ్చి వెళ్లాడు.

వాణ్ణి అందులోకి తీసుకెళ్లనని నేను భీష్మించుకున్నాను. పాత వార్డు దగ్గరికే వెళ్లాను. తలుపులకి తాళం. లోపల మంచాలు కూడా లేవు. వచ్చిన దారినే వాణ్ణి ఇంటికి తెచ్చుకున్నాను. ఇంకో రోజు చూశాను. పిడుగు బొమ్మలన్నీ వరసగా సర్దిపెట్టి, వాటి పక్కనే పడుకున్నాడు. మళ్లీ బుద్ధిమంతుడైపోతున్నాడు. వాణ్ణి ఎత్తుకుని రోడ్డు దాటాను. మా ఆయన వెనకాలే వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి స్తంభం మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

కొత్త వార్డులో అన్నీ కొత్తవే. తెల్లటి మంచాలు బారుగా ఉన్నాయి, దాదాపు అన్నీ ఖాళీ. కిటికీ పైన మూల నుంచి సన్నటి గీత ఒకటి పైకప్పు దాకా పాకింది. దాని మీద రంగు పూశారు కానీ కిందనున్నది దాగలేదు. నర్సు పిడుగుని పడుకోబెట్టి సూది గుచ్చింది. సంచి తేవడానికి వెళ్లింది. డీన్ తలుపు దగ్గర ఎవరో పెద్దమనుషులతో నిలబడి నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

అప్పుడే వదిన వచ్చింది. పాప చెయ్యి పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. లోపలికి అడుగు పెట్టలేదు. పాప పెదాలు కూడా తెల్లగా ఉన్నాయి. వాళ్లు వంతు దాటిపోయినా రాకుండా ఉండిపోయారని చూస్తేనే తెలుస్తోంది. వదిన నా వంక చూసింది, పిడుగు వంక చూసింది, తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"మా తమ్ముడు ఇక్కడే తాపీ పని చేశాడు. అందులో కాలు పెట్టొద్దక్కా అన్నాడు" అంది. వాళ్ల భాషలోనే, నాకు అర్థమయ్యేలా నిదానంగా అంది. "నేను వాడి మాట నమ్మాలో, వీళ్ల మాట నమ్మాలో తెలియట్లేదు. మీ ఆయనే కదా చూసింది? నువ్వు చెప్పు. ఇంకెవర్నీ అడగను. పిల్లని పడుకోబెట్టనా, తీసుకుపోనా?"

మా ఆయన మంచానికి అవతల నిలబడి ఉన్నాడు. ఒక్కసారి నా కళ్లలోకి చూసి, తల దించుకున్నాడు. అబద్ధం చెప్పడం ఆయనకి రాదు. ఆవిడ ఆయన్నే అడిగి ఉంటే నిజం తెలిసిపోయేది. నాకు నోరుంది. ఇన్నాళ్లూ ఆయన్ని ఎన్ని మాటలన్నానో అవన్నీ నా నోట్లోనే ఉన్నాయి. తీసుకుపో వదినా, పరిగెత్తు, అనాలి. ఆ మాటలు వాళ్ల భాషలో నాకు వచ్చు. ఆవిడే నేర్పింది.

నర్సు సంచి పట్టుకుని వచ్చి మంచం పక్కన నిలబడింది. తగిలించలేదు. తలుపు దగ్గర మాటలు ఆగాయి. డీన్ మా వైపు చూస్తున్నాడు, ఎప్పటిలాగే దయగా చూస్తున్నాడు. మంచం మీద పిడుగు చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుని, ఎవరికీ అడ్డు రాకుండా పడుకున్నాడు.

"మా వాణ్ణి తెచ్చానుగా వదినా" అన్నాను. "ఇంకా ఏంటి నీ భయం?"

వదిన గట్టిగా ఊపిరి వదిలింది. నన్ను దగ్గరికి లాక్కుని తల మీద ముద్దు పెట్టుకుంది. నర్సు పిడుగు సంచి కొక్కేనికి తగిలించింది. వదిన పాపని పక్క మంచం మీద పడుకోబెట్టి, చెప్పులు విప్పి కింద పెట్టి, ఫోన్ తీసి వాళ్ల చెల్లెలికి చేసింది. అటువైపు మనిషి ఏదో అడుగుతుంటే నవ్వుతూ కసిరింది.

"నీ కొడుకుని కూడా తీసుకొచ్చెయ్" అంది. "వీధిలో మిగతా వాళ్లకి కూడా చెప్పు. ఏం భయం లేదట. ఆ ప్రొఫెసర్ పెళ్లామే చెప్పింది."